నా వెనకాలొచ్చిన యాదగిరితో పర్ణశాల దాకా

ఖమ్మం బస్టాండు

తొమ్మిది నెలలపాటు నేను ఖమ్మం దాటలేదు. దాటితే బెయిలు రద్దవుతుంది. సోమవారం పొద్దున్నే స్టేషనుకి వెళ్ళి రిజిస్టరులో సంతకం, అక్కణ్ణించి కూరగాయల మార్కెట్టు, తర్వాత ఇల్లు. సాయంత్రం నడక పేరుతో వైరా రోడ్డు మీద ఊరి చివరున్న పెట్రోలు బంకు దాకా వెళ్ళేదాన్ని. సత్తుపల్లి వైపు పోయే బస్సుల్ని కాసేపు చూసి వెనక్కి తిరిగేదాన్ని. బండీ లేకుండా, పెట్రోలూ కొనకుండా రోజూ వచ్చి నిలబడే నన్ను చూసి ఆ బంకు వాళ్ళు ఏమనుకునేవారో!

మిరప కోతలు జోరుగా సాగుతున్న రోజుల్లో కోర్టు ఆ షరతు ఎత్తేసింది. లాయరు ఫోను చేసి చెప్పేటప్పటికి నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను. పొయ్యి కట్టేసి, తరిగిన ముక్కల్ని అలాగే ఫ్రిజ్‌లోకి తోసి, సంచి సర్దడం మొదలుపెట్టాను. "ఒక్క మాట గుర్తుపెట్టుకో," అన్నాడాయన. "ఊరు దాటొచ్చు. కానీ సాక్షులతో మాత్రం మాట్లాడకూడదు. ఆ షరతు అలాగే ఉంది." సరే సరే అన్నాను. ఆ క్షణంలో ఏమడిగినా సరే అనేదాన్నే.

నేనెవరో చెప్పాలి. నా పేరు శైలజ. పద్నాలుగేళ్ళు ఒక దినపత్రికకి విలేకరిగా పనిచేశాను. అన్ని పత్రికల మొదటి పేజీలూ ఒకేలా తయారయ్యాక, మా ఎడిటరు నా వార్తల్లోంచి ముందు పేర్లూ, తర్వాత ఊర్లూ, చివరికి వార్తలూ తీసేయడం మొదలుపెట్టాక మానేశాను. ఫోనుతో చిన్న చిన్న వీడియోలు తీసి నెట్‌లో పెట్టుకునేదాన్ని. అందులో ఒకటి నాలుగు నిమిషాలది. పర్ణశాల అవతల అడవిలో ఒక కోయ గూడెం ఉంది. గుట్ట కింద భూమిని తవ్వకాలకి ఇవ్వడానికి ఆ గూడెం గ్రామసభ ఒప్పుకున్నట్టు ఒక కాగితం బయటికొచ్చింది. దాని మీద వేలిముద్రల్లో ఒకటి కన్నమ్మ అనే ఆవిడ భర్తది. ఆయన అప్పటికి పోయి మూడేళ్ళయింది.

"పోయినోడు వచ్చి ఏలిముద్ర ఏసి పోయిండా?" అంది కన్నమ్మ నా ఫోనులోకి సూటిగా చూస్తూ. "ఇంటిదాక వచ్చినోడు నన్ను లేపకుండ ఎట్ల పోతడు?"

ఆ మాట ఎంతమంది చూశారో తెలియదు గానీ, చూడకూడని వాళ్ళందరూ చూశారు. ప్రభుత్వం మీద ద్వేషం రెచ్చగొట్టానని కేసు. పద్దెనిమిది రోజులు జైలు. ఆ తర్వాత వచ్చిన చార్జిషీటులో నాకు వ్యతిరేకంగా మొదటి సాక్షి ఎవరో కాదు, కన్నమ్మే. "శైలజ అను ఆమె నేర్పిన మాటలనే నేను కెమెరా ముందు చెప్పితిని" అని ఆవిడ వాంగ్మూలం. ఆవిడ అలా మాట్లాడదని తెలుసు. అయినా రోజులో ఒకసారైనా ఆ వాక్యం తలకెక్కి కూర్చునేది. నిజంగానే అందేమో, నా వల్ల అంత భయపడిందేమో అని.

ఇంత బరువు మోసుకుని కూడా ఆ పొద్దున బస్టాండులో నాకు ఎగరాలనిపించింది. ఎక్కడికి పోవాలన్నది కూడా ముందు అనుకోలేదు. ఈ రోజుల్లో మనుషులు ఎలా బతుకుతున్నారో, ఏం మాట్లాడుతున్నారో, ఏం మాట్లాడడం మానేశారో చూసి రాసుకోవాలి, అంతే. సత్తుపల్లి బస్సు ముందొచ్చింది, ఎక్కేశాను. మిరపకాయల బస్తా మీద ఎవరో కూర్చున్నారు కాబోలు, బస్సంతా తుమ్ములే. ఆడవాళ్ళకి టికెట్టు ఊరికే కాబట్టి నాకు సున్నా రూపాయల చీటీ ఇచ్చాడు కండక్టరు. నా వెనక సీట్లో యాభై దాటిన మనిషొకడు, ఖాకీ రంగు ప్యాంటు, చేతిలో స్టీలు టిఫిన్ డబ్బా. "యాడికి?" అని కండక్టరు అడిగితే ఆయన నా చేతిలో చీటీ వైపు మెడ సాచి చూసి, "సత్తుపల్లి," అని టికెట్టు కొన్నాడు.

అప్పుడర్థమైంది, నా వెనక వేసిన పోలీసని. నన్ను తీసుకెళ్ళే ఖర్చు ప్రభుత్వానిది, నన్ను వెంబడించే ఖర్చు పాపం ఆయన జేబుది. గుర్తింపు కార్డు చూపిస్తే గుట్టు బయటపడుతుంది కదా! కిటికీ వైపు తిరిగి వైరా వచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాను.

సత్తుపల్లి

సత్తుపల్లిలో మాట కొంచెం మెత్తబడుతుంది. ఖమ్మంలో "ఏంది" అన్న నోరే ఇక్కడికొచ్చేసరికి "ఏంటండీ" అంటుంది. ఊరి చుట్టూ ఒక పక్క పామాయిలు తోటలు, ఇంకో పక్క నేలని తిరగేసినట్టు ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని. దుమ్ము పట్టిన ఆకులు చూసి చెట్లన్నీ ఒకే జాతివనుకున్నాను మొదట.

గనికి దగ్గర్లో ఒక మెస్సులో భోజనానికి కూర్చున్నాను. ఫుల్ మీల్స్ నూరు రూపాయలు. పప్పు, వంకాయ కూర, గోంగూర, కావాలన్నంత పెరుగు. గోడ మీద పెద్ద అక్షరాలతో బోర్డు: ఇక్కడ రాజకీయాలు మాట్లాడరాదు. దాని కిందే బల్ల దగ్గర షిఫ్టు దిగొచ్చిన ఆరుగురు గని కార్మికులు అన్నం కలుపుకుంటూ అత్తల గురించి మాట్లాడుకుంటున్నారు.

"మా అత్త నిన్న మళ్ళ ఏదో కొత్త రూలు పెట్టింది," అన్నాడొకాయన.

"మీ అత్త నయం. మా అత్తయితే ఫోన్లు గూడ చూస్తుంది," అన్నాడు రెండో ఆయన.

"మా అత్తను ఒక్క మాట అన్నడని మా తోడల్లుణ్ణి రెండొందల కిలోమీటర్ల అవతలకి పంపిచ్చింది!"

నాకు మొదట జాలేసింది. తర్వాత అనుమానం వచ్చింది. ఆరుగురికీ ఇంత గయ్యాళి అత్తలు ఒకేసారి ఎలా దొరికారు? పైగా ఈ అత్త పేపర్లో ఫోటో వేయించుకుంటుంది, కూడళ్ళలో కెమెరాలు పెట్టిస్తుంది! ఆగలేక అడిగేశాను. "అన్నా, మీరంతా ఒకే ఇంటి అల్లుళ్ళా?"

ముద్దలు చేతుల్లోనే పట్టుకుని ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ తర్వాత ఆరుగురూ ఒకేసారి నవ్వారు. మల్లేశ్ అనే డంపరు డ్రైవరు కంచం పక్కకి జరిపి నావైపు వంగాడు.

"అవ్ అక్కా. మేమేంది, ఊరు ఊరంతా ఒకే ఇంటి అల్లుళ్ళం. మీరు కోడలు."

ఆ తోడల్లుడు నిజంగానే ఉన్నాడట. అదే మెస్సులో, అదే బల్ల మీద, టీవీ చూస్తూ ఒక మాట అన్నాడు. వారం తిరక్కుండా బదిలీ. ఆ మర్నాడే మెస్సు ఓనరు బోర్డు పెట్టింది. ఆ మర్నాటి నుంచి వీళ్ళందరికీ అత్తలు పుట్టుకొచ్చారు. "మాట్లాడకుండ అన్నం ఎట్ల తింటం అక్కా?" అన్నాడు మల్లేశ్, అదేదో ఉప్పు సంగతిలాగా.

పక్క బల్ల దగ్గర స్టీలు డబ్బా మనిషి తన పెరుగన్నం తాను తింటూ, ఎడమచేత్తో ఒక కాగితం మీద చకచకా రాసుకుంటున్నాడు.

భద్రాచలం

మర్నాడు అశ్వారావుపేట మీదుగా భద్రాచలం. దారంతా మోదుగు పూలు. ఆకు లేని కొమ్మల నిండా నారింజ రంగు. గోదావరి వంతెన మీదికి రాగానే బస్సులో అందరి చేతులూ జేబుల్లోకీ కొంగుముడుల్లోకీ పోయాయి. నేనూ ఒక రూపాయి తీసి ఊపుగా విసిరాను. అది కిటికీ ఊచకి తగిలి వెనక్కొచ్చి సరిగ్గా స్టీలు డబ్బా మీద పడి ఖణేల్‌మంది. ఆయన ఉలిక్కిపడి, రూపాయి ఏరి, ఒక క్షణం ఆలోచించి, నా తరఫున తనే నదిలోకి వేసి దణ్ణం పెట్టాడు. నా మొహం వైపు మాత్రం చూడలేదు.

లాడ్జిలో గుమాస్తా ఆధార్ కార్డు ఫోటో తీసుకున్నాక నా ఫోటో కూడా తీశాడు. అన్నీ అప్పటికప్పుడు పైకి పంపాలట. "నవ్వకుండ్రి మేడం," అన్నాడు బతిమాలుతూ. "నవ్వితే ఫోటో వాపస్ పంపుతుండ్రు." మూడుసార్లు తీయాల్సొచ్చింది. ఆ వారం నా మొహానికి నవ్వడం తప్ప ఇంకేం చేతకాలేదు.

గుడి దగ్గరి వీధిలో అసలు గొడవ జరిగింది. నేను ఆగిన ప్రతి దుకాణం దగ్గరా ఆయన నాలుగడుగుల వెనక ఆగుతున్నాడు. నేను లక్క గాజులు చూస్తుంటే ఆయన ఇత్తడి గంటలు చూస్తున్నాడు. పూలమ్మే ఒక పెద్దావిడ ఇదంతా గమనిస్తూ ఉందని మా ఇద్దరికీ తెలియదు. గంప కింద పెట్టి లేచి వచ్చి ఆయన దారికి అడ్డంగా నిలబడింది.

"ఏయ్ పెద్దమనిషీ! పొద్దుటిసంది చూస్తున్న. ఆమె ఆగితే ఆగుతున్నవ్, నడిస్తే నడుస్తున్నవ్. ఇంట్ల ఆడోళ్ళు లేరా నీకు?"

జనం చేరారు. ఆయన డబ్బాని ఛాతీకి అడ్డం పెట్టుకున్నాడు. తాను పోలీసునని చెప్పలేడు, చెప్పకపోతే తన్నులు తప్పేలా లేవు. ఒకాయన అప్పటికే చొక్కా చేతులు పైకి మడుస్తున్నాడు. నేనే పరుగెత్తుకుంటూ వెళ్ళాను.

"అమ్మా, ఆయన మా అన్న! మోకాళ్ళ నొప్పులు, అందుకే వెనకబడుతున్నాడు."

పూలావిడ నన్ను ఎగాదిగా చూసింది. "మరి ముందే చెప్పొద్దా? మోకాళ్ళు నొయ్యంగ అన్నను ఎనక ఇడిచిపెట్టి నువ్వు ముంగట ఉరుకుడేంది? గిట్లనేనా పెంచిండ్రు నిన్ను?" ఇప్పుడు తిట్లన్నీ నాకు. పావుగంట తిట్టి, రెండు మూరల మల్లెపూలు అంటగట్టి పంపింది.

ఇక దాగుడుమూతలకి అర్థం లేకపోయింది. కరకట్ట దగ్గర హోటల్లో ఎదురెదురుగా కూర్చుని గోదావరి బొచ్చె చేపల పులుసుతో అన్నం తిన్నాం. ఆయన పేరు యాదగిరి, హెడ్ కానిస్టేబులు. సొంతూరు తిరుమలాయపాలెం దగ్గర, రెండెకరాల మిరప తోట ఉంది, కోతల టైములో నా వెనక పంపినందుకు పై సారు మీద కోపంగా ఉంది. మోకాళ్ళు నిజంగానే నొప్పట!

"సత్తుపల్లిలో ఏం రాశారన్నా?" అని అడిగాను.

కాసేపు బెట్టు చేసి, మడిచిన కాగితం తీసి నావైపు తిప్పాడు. "సత్తుపల్లి గని కార్మికులకు వారి అత్తగార్లతో తీవ్రమైన విభేదములు కలవు" అని గుండ్రటి చేతిరాత.

నేను తింటున్న ముద్ద గొంతుకి అడ్డం పడింది. దగ్గి, నీళ్ళు తాగి, "మీకు అర్థం కాలేదా?" అన్నాను.

ఆయన ముల్లు తీసుకుంటూ తల కూడా ఎత్తలేదు. "అర్థమైంది రాయమన్లేదు మేడం. విన్నది రాయమన్నరు."

కొద్దిసేపు ఆంధ్ర

మూడో రోజు పొద్దున్నే ఇద్దరం ఒకే షేర్ ఆటో ఎక్కాం. పర్ణశాల దాకానే వెళ్ళి ఆగిపోవాలని నా ఉద్దేశం. అక్కణ్ణించి కన్నమ్మ వాళ్ళ గుట్ట కనిపిస్తుంది. దూరం నుంచి ఒకసారి చూసి రావాలనుకున్నాను, అంతే. ఆటో డ్రైవరు నన్ను అద్దంలో చూశాడు, మళ్ళీ చూశాడు, చిన్నగా నవ్వాడు. ఫోనులో ఎవరితోనో కోయలో మాట్లాడాడు. నాకు అందులో "శైలజ" అన్న ముక్క ఒక్కటే తెలిసింది.

భద్రాచలం దాటగానే రోడ్డు కొన్ని కిలోమీటర్లు ఆంధ్రలోకి పోయి మళ్ళీ తెలంగాణలోకి వస్తుంది. రాష్ట్రం విడిపోయినప్పుడు అలా పడ్డాయి ఆ ఊళ్ళు. బోర్డు కనపడగానే యాదగిరి ఒళ్ళు విరుచుకుని, చొక్కా పై గుండీ విప్పాడు.

"మేడం, ఇది ఆంధ్ర. నా డ్యూటీ ఈడ నడవది. ఏమన్న అడుగుతరా, జల్దీ అడుగుండ్రి."

"ఏమైనా అడగొచ్చా?"

"ఇంకో పది నిమిషాలు."

"మీకీ పని ఎలా అనిపిస్తుంది?"

"వెనకటికి దొంగల ఎంబడి తిరిగేటోణ్ణి," అన్నాడు. "దొంగల ఎనక తిరిగితే మజా ఉంటది మేడం. గోడలు దుంకుతరు, రైళ్ళు ఎక్కుతరు. ఇప్పుడు ఎవల ఎనక తిరుగుతున్న? ఒక రిటైర్డ్ టీచర్. ఒక లెక్చరర్. మీరు. అందరు తొమ్మిదింటికి పండుకుంటరు. మొన్న ఆ టీచరు నెల రోజులు ఏం చేసిండో రాసియ్యమన్నరు. మొక్కలకు నీళ్ళు పోసిండు. గదే రాసిన, ముప్పైసార్లు."

నేను నవ్వుతుంటే ఆయనా నవ్వాడు. ఆ తర్వాత గొంతు తగ్గింది. "నా బిడ్డ డిగ్రీ చదువుతది. మీ వీడియో నాకు చూపెట్టిందే ఆమె. ఎవలెవలికి పంపినవే అని అడిగితే, 'ఏం నాన్నా, నా మీద గూడ రాస్తవా' అన్నది." కాసేపు బయట మిరప కల్లాల వైపు చూశాడు. ఎర్రగా, మైళ్ళ పొడవునా ఆరబోసి ఉన్నాయి. "రెండు రోజులు నాతోని మాట్లాడలే."

ఇంకేదో చెప్పబోయి ఆగిపోయాడు. రోడ్డు పక్క మళ్ళీ తెలంగాణ బోర్డు. ఆయన గుండీ పెట్టుకుని, కాగితం తీసి టైము రాసుకున్నాడు.

పర్ణశాల

పర్ణశాలలో గోదావరి ఆ నెలల్లో సన్నబడి, ఇసుక తిన్నెల మధ్య తీరిగ్గా పారుతుంది. సీతమ్మ చీర ఆరేసిన గుర్తులని చారలున్న రాయిని చూపిస్తారు. భక్తులు తక్కువగా ఉన్నారు. మొక్కజొన్న పొత్తు ఇరవై రూపాయలు, కొబ్బరిబొండం నలభై. ఒడ్డున ఒక మామిడి చెట్టుకి అందేంత ఎత్తులో కాయలు వేలాడుతుంటే ఒకటి తెంపి, చీరకొంగుతో తుడిచి, కొరికాను. యాదగిరి చెట్టు వేరు మీద కూర్చుని మోకాళ్ళు నొక్కుకుంటున్నాడు.

అప్పుడు మా ఆటోయే మళ్ళీ వచ్చి ఆగింది. అందులోంచి ఎనిమిది మంది దిగారు. ముందు దిగిన మనిషి కన్నమ్మ.

తొమ్మిది నెలల్లో చిక్కి సగమైంది, నడక మాత్రం అదే. లాయరు మాట గుర్తొచ్చి, కాయ చేతిలో పట్టుకునే లేచి ఇరవై అడుగుల అవతల కానుగ చెట్టు కిందికి పోయి వాళ్ళకి వీపు పెట్టి కూర్చున్నాను. ఓరగా చూస్తే, కన్నమ్మ నావైపు రాలేదు. నేరుగా పోయి యాదగిరి ముందు నేల మీద కూర్చుంది. మిగతా వాళ్ళూ కూర్చున్నారు. గాలి నావైపే వీస్తోంది, ప్రతి మాటా వినపడుతోంది.

"నువ్వు పోలీసోనివా?"

"అవ్," అన్నాడు యాదగిరి.

"ఆమె ఏం మాట్లాడినా రాస్తవంట. ఆటో పిల్లగాడు చెప్పిండు."

"రాస్త."

"ఆమె ఉన్నకాడ వేరేటోళ్ళు మాట్లాడితే?"

"అది గూడ రాయాలె తల్లీ. ఎవలు వచ్చిండ్రు, ఏం అన్నరు, అన్నీ. విన్నది విన్నట్టు."

"అయితే రాయి," అంది కన్నమ్మ. "ఆమెతోని మాట్లాడొద్దన్నరు నాకు. నీతోని వద్దన్లే."

నేను వెనక్కి తిరిగిపోయాను. మాట్లాడకూడదన్నారు గానీ చూడకూడదనలేదు కదా.

"నన్ను టేషన్‌కు మూడుమార్లు పిలిచిండ్రు. భయానికి నోటికి తెలుగు రాలే, కోయల చెప్పిన. రాసినాయనకు కోయ రాదు. పొద్దుగాల్నుంచి పగటాల దాక నేను చెప్తే ఆయన రెండు గీతలు రాసిండు. ఏలు పట్టుకొని ముద్ర ఏయించిండు. ఏం రాసినవ్ సారూ అంటే, నువ్వు చెప్పిందే అన్నడు. మొన్న మా పిల్ల సదివి చెప్తే తెలిసింది, ఆమె నాకు మాటలు నేర్పిందని రాసిండంట." కన్నమ్మ గొంతు పెరిగింది. "మా ఆయన పోయిన సంగతి నాకు ఎవలో నేర్పాల్నా?"

యాదగిరి కలం ఆగింది. "నిమ్మలంగ చెప్పు తల్లీ. రాయనీ," అన్నాడు. మళ్ళీ వంగాడు.

ఆవిడ తర్వాత ఒక ముసలాయన. ఆ కాగితంలో గ్రామసభ జరిగిందన్న రోజు గూడెమంతా పక్క ఊరి పెళ్ళిలో ఉందని, ఏం వండారో, డోలు ఎవరు కొట్టారో కూడా చెప్పాడు. ఆయన తర్వాత కన్నమ్మ వాళ్ళ పిల్ల, ఇంటరు చదివింది. కోయలో చెప్పేవాళ్ళ మాటలు తెలుగు చేస్తూ, "మాకు ఏం ఇచ్చినా ముందు బోర్డు పట్టుకొని ధన్యవాదాలు అని ఫోటో దిగాలె సార్. కోపం వస్తే పట్టుకునే బోర్డు మాత్రం ఎవలు ఇయ్యరు," అంది. అది కూడా రాశాడు. ఎనిమిది మందీ చెప్పేసరికి ఆయన కాగితాలు అయిపోయాయి. దిక్కులు చూసి, కుంటుకుంటూ నా దగ్గరికొచ్చాడు.

"మేడం, కాగితాలున్నయా?"

ప్రయాణం కోసం కొన్న నోటు పుస్తకం ఇచ్చేశాను. మిగతాదంతా అందులోనే రాశాడు. పద్నాలుగేళ్ళు విలేకరిగా పనిచేశాను గానీ, ఒక మనిషి మాట పూర్తయ్యేదాకా మధ్యలో ప్రశ్న వేయకుండా అంత ఓపిగ్గా రాసుకోవడం నాకు ఎప్పుడూ చేతకాలేదు.

పని అయ్యాక కన్నమ్మ మొహం తేలికపడింది. "ఆమెకు చెప్పు, మనిషి చిక్కింది, తిండి తింటలేదా అని," అంది యాదగిరితో.

ఆయన నావైపు తిరిగి నోరు తెరిచాడు. నేను వద్దు వద్దని తల అడ్డంగా ఊపాను. ఆయన ఆలోచించి, గోదావరి వైపు తిరిగి గట్టిగా అన్నాడు: "మనిషి చిక్కిందంట!"

నాకు నవ్వాగలేదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, చెట్టుకి ఆనుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాను. వాళ్ళూ నవ్వారు. యాదగిరి అది కూడా రాసుకున్నాడు.

నవ్వు తగ్గి నేను చేతిలో కాయ మళ్ళీ కొరికేసరికి కన్నమ్మ కంగారుగా లేచింది. "అయ్యో, ఆ కాయ తినొద్దని చెప్పు! మాకింక కొత్తల పండుగ కాలే!" గూడెంలో పండుగ చేసి దేవతకి పెట్టకముందు కొత్త పంట నోట పెట్టరట. మా ఖమ్మంలోనైతే పిందె రాలగానే ఉప్పూ కారంతో సహా రెడీగా ఉంటాం. నోట్లో ముక్క గబగబా ఉమ్మేశాను. మిగతా కాయని ఎక్కడ పెట్టాలో తెలియక చెట్టు మొదట్లో పెట్టి దణ్ణం పెట్టాను. దాంతో ఇంకో విడత నవ్వులు.

వాళ్ళు అడ్డాకుల్లో అన్నం, ఎర్రచీమల పచ్చడి తెచ్చారు. అది కన్నమ్మ చేతినుంచి యాదగిరికి, యాదగిరి చేతినుంచి నాకు వచ్చింది. పుల్లగా, ఘాటుగా, నాలుక మీద చిన్న చిన్న టపాసులు పేలినట్టు. యాదగిరి మొదటి ముద్దకే కళ్ళు మూసుకుని, "మా తోట మిరపకాయ దీని ముంగట సల్లగుంటది," అన్నాడు. జీలుగు కల్లు మాత్రం, డ్యూటీలో ఉన్నానని, రెండు దొన్నెలతో ఆపేశాడు.

మళ్ళీ ఖమ్మం

తిరుగు బస్సులో ఆయన నా పక్క సీట్లోనే కూర్చున్నాడు. పాల్వంచ దాటేదాకా నా నోటు పుస్తకం పేజీలు తిప్పుతూనే ఉన్నాడు. అప్పుడు, "ముప్పై ఏండ్ల సర్వీసు మేడం. ఒక మనిషి చెప్పింది అయిపోయేదాక ఎప్పుడన్న రాసిన్నా అని ఆలోచిస్తున్న," అన్నాడు.

ఉన్నదున్నట్టు ఇచ్చేస్తే మీకు ఇబ్బంది కదా అన్నాను. "ఏమైతది? బదిలీ చేస్తరు," అని కళ్ళు మూసుకున్నాడు. ఖమ్మంలో దిగి, డబ్బా ఊపుకుంటూ వెళ్ళిపోయాడు. ఇంటికొచ్చి ఫ్రిజ్ తీస్తే గుప్పున ఉల్లిపాయల వాసన. పాలు, పెరుగు, పండ్లు, అన్నీ పారేయాల్సొచ్చింది.

మూడు వారాల తర్వాత నా బెయిలు రద్దు చేయమని పిటిషను పడింది. సాక్షి కన్నమ్మను పర్ణశాలలో కలిసి ప్రభావితం చేశానని. ఆధారం ఏమిటంటే యాదగిరి రిపోర్టు. మొదటి పేజీలో "సాక్షి కన్నమ్మ అచ్చటికి వచ్చినది" అన్న లైను చూడగానే పైవాళ్ళకి సంతోషం ఎక్కువై మిగతాది చదవలేదనుకుంటాను. మొత్తం జత చేసి కోర్టులో పెట్టారు, నా నోటు పుస్తకంతో సహా.

"చదవండి," అన్నారు జడ్జిగారు. ప్రభుత్వ న్యాయవాది ధాటిగా మొదలుపెట్టాడు. రెండో పేజీకి గొంతు తగ్గింది. మూడో పేజీకి ఆగి నీళ్ళు తాగాడు. "ఆపకండి," అన్నారు జడ్జిగారు. అడవిలో ఎనిమిది మంది చెప్పిన మాటలు, యాస కూడా మారకుండా, కోర్టు హాల్లో ప్రభుత్వం గొంతుతోనే వినపడ్డాయి. "మా ఆయన పోయిన సంగతి నాకు ఎవలో నేర్పాల్నా" అన్నచోట వెనక బెంచీల్లో గుసగుసలు కూడా ఆగిపోయాయి.

"నిందితురాలు ఏం మాట్లాడింది?"

న్యాయవాది పేజీలు తిప్పాడు. "ఏమీ మాట్లాడలేదని ఉంది. ఒకచోట... నవ్వినది అని ఉంది."

పిటిషను కొట్టేశారు. కన్నమ్మ వాంగ్మూలం కోయ తెలిసిన దుబాసీని పెట్టి కోర్టులోనే మళ్ళీ తీసుకోమన్నారు. యాదగిరిని ఎక్కడో సరిహద్దు చెక్‌పోస్టుకి వేశారు. ఫోను చేస్తే, "ఈడ గాలి మంచిగుంటది మేడం, మా బిడ్డ గూడ వచ్చి చూసి పోయింది," అన్నాడు. బిడ్డ మాట చెప్తున్నప్పుడు ఆయన గొంతులో ఉత్సాహం దాగలేదు.

కన్నమ్మ వచ్చి పూటంతా చెప్పింది. ఈసారి రెండు గీతలు కాదు, పదకొండు పేజీలు. నా కేసు ఇంకా నడుస్తోంది, గుట్ట సంగతీ తేలలేదు. కానీ ఆవిడ సాక్ష్యం ముగిసింది కాబట్టి, ఇక మాట్లాడుకోవచ్చని లాయరు నా చెవిలో చెప్పాడు.

కోర్టు గేటు బయట ఎదురుపడ్డాం. ఇన్నాళ్ళూ మనసులో సర్దిపెట్టుకున్న వాక్యాలన్నీ ఒక్కసారే మీదపడ్డాయి. అందులో ఒకటే నోటికొచ్చింది.

"కన్నమ్మా, ఆ వీడియోలో నీ ముఖం మసక చేసి పెట్టాల్సింది. నాదే తప్పు. నీకింత కష్టం వచ్చేది కాదు."

ఆవిడ నన్ను విచిత్రంగా చూసింది.

"మసక చేస్తే, నేనని ఎట్ల తెలుస్తది?" అంది. అని, కొంగు సరిచేసుకుని, వెలుతురు మొహం మీద పడేలా కొంచెం పక్కకి జరిగి నిలబడింది. "ఫోను తియ్యి. ఇంకోటి చెప్పేదుంది."